ఫ్లోరిన్ చేరిన గంధక సేంద్రియ సమ్మేళనాలు: తయారీ, గుణాలు, ప్రమాదాలు

బెంగళూరులోని పెద్ద నివాస సముదాయాలలో డీజిల్ జనరేటర్ గది గోడకు ఎర్రని సిలిండరు ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. చాలాచోట్ల దానిపై ‘ఏఎఫ్ఎఫ్ఎఫ్’ అనే అక్షరాలు కనబడతాయి. చమురు మంటలను ఆర్పే నురుగుకు అది గుర్తు. అదే సముదాయంలోని ఇళ్లలో కడుపులో మంటకు వేసుకొనే పాంటాప్రజోల్ మాత్రలు ఉంటాయి. వంటగది మూలలలో బొద్దింకలకు పెట్టే ఫిప్రోనిల్ జెల్ ఉంటుంది. అదే ఫిప్రోనిల్‌ను ఊరిలో వరి, మిరప చేలపై పిచికారీ చేస్తారు. చూపునకు ఈ మూడింటికీ పొంతన లేదు. రసాయన శాస్త్రం దృష్టిలో మాత్రం ఇవి దాయాదులు. నురుగులోని ముఖ్య పదార్థాలలో అనేకం, మాత్రలోని ఔషధం, జెల్‌లోని విషం, మూడూ కార్బన్, ఫ్లోరిన్, గంధకం కలసిన అణువులే.

ఒకే కుటుంబానికి చెందినవన్నీ ఒకే స్వభావం కలిగి ఉండవు. పాంటాప్రజోల్ రక్తంలో సుమారు ఒక గంటకే సగమవుతుంది. పాత నురుగులలో వాడిన పీఎఫ్ఓఎస్ అనే పదార్థం సగం కావడానికి ఏళ్లు పడుతుంది. ఈ భేదం ఎందుకు కలిగిందో, దానివలన నగరవాసికి ఏర్పడే బాధ్యత ఏమిటో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. అణువు నిర్మాణం

సేంద్రియ పదార్థాలకు వెన్నెముక కార్బన్ గొలుసు. సాధారణంగా ఆ గొలుసుకు హైడ్రోజన్ పరమాణువులు అంటుకొని ఉంటాయి. హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ వచ్చి చేరితే అణువు నడవడి మారిపోతుంది. కార్బన్–హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 413 కిలోజౌళ్ల శక్తి చాలును. కార్బన్–ఫ్లోరిన్ బంధానికి సుమారు 485 కిలోజౌళ్లు కావాలి. సేంద్రియ రసాయనంలో కార్బన్‌కు గల ఏకబంధాలలో ఇంతకంటె దృఢమైనది లేదు. పైగా ఫ్లోరిన్ పరమాణువులు గొలుసు చుట్టూ దగ్గరదగ్గరగా చేరి కవచంవలె నిలుస్తాయి. సూక్ష్మజీవుల ఎంజైములకు ఆ కవచంలో చొరబడే సందు దొరకదు.

గంధకం పాత్ర వేరు. అది ఎన్ని ఆక్సిజన్ పరమాణువులను చేర్చుకొన్నదనే దానినిబట్టి గుణం మారుతుంది. ఆక్సిజన్ లేనిది సల్ఫైడు, ఒకటి చేరినది సల్ఫాక్సైడు, మూడు చేరినది సల్ఫోనిక్ ఆమ్లం. పాంటాప్రజోల్, ఫిప్రోనిల్ అణువులలో గంధకానికి ఒక ఆక్సిజన్ ఉన్నది. పీఎఫ్ఓఎస్ సల్ఫోనిక్ ఆమ్లం.

ఇక ముఖ్యమైన తేడా ఫ్లోరిన్ సంఖ్యలో ఉన్నది. పాంటాప్రజోల్‌లో ఫ్లోరిన్ పరమాణువులు రెండే. మిగిలిన అణువంతా కాలేయం విడగొట్టగలిగిన సామాన్య నిర్మాణం. పీఎఫ్ఓఎస్‌లో 8 కార్బన్లకు 17 ఫ్లోరిన్లు అమరి ఉన్నవి. గొలుసులో హైడ్రోజన్ ఒక్కటైనా లేదు. మొదటిదానిని కాలేయం మార్చి, ప్రధానంగా మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. రెండవదానిని మార్చగల శక్తి శరీరంలో దేనికీ లేదు.

2. తయారీ

ఫ్లోరిన్ చేరిన పదార్థాలలో చాలావాటికి మూలం ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం. దానిపై గాఢ గంధకామ్లం చర్య జరిపితే హైడ్రోజన్ ఫ్లోరైడు వెలువడుతుంది. అది సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగే ద్రవం. చర్మంపై పడినప్పుడు మొదట నొప్పి అంతగా తెలియకపోవచ్చును. కాని అది లోపలికి దిగి కణజాలంలోని కాల్షియాన్ని బంధిస్తుంది, గుండె లయను సైతం దెబ్బతీస్తుంది. అందుచేతనే దానితో పనిచేసే కర్మాగారాలలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేచోట ఉంచుతారు. ఈ కుటుంబపు మొదటి ప్రమాదం వినియోగదారుడిది కాదు, తయారుచేసే కార్మికుడిది.

పీఎఫ్ఓఎస్ కుటుంబం తయారీకి మార్గం చూపినవాడు అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ సైమన్స్. సేంద్రియ పదార్థాన్ని హైడ్రోజన్ ఫ్లోరైడులో కరగించి విద్యుత్తును ప్రసరింపజేస్తే హైడ్రోజన్లు తొలగి వాటి స్థానంలో ఫ్లోరిన్లు చేరుతాయని ఆయన కనుగొన్నాడు. దీనికే విద్యుద్రసాయన ఫ్లోరినీకరణమని పేరు. 1940 దశకంలో 3ఎం సంస్థ ఈ పద్ధతి హక్కులను పొంది పెద్ద ఎత్తున ఉత్పత్తి సాగించింది. ఈ ప్రక్రియ కొంత మొరటుది: గొలుసులు కొన్ని తెగిపోతాయి, కొన్ని కొమ్మలు వేస్తాయి. ఈ విధంగా తయారైన పీఎఫ్ఓఎస్‌లో సుమారు 70 శాతం నిట్రగొలుసు అణువులు, మిగిలినవి కొమ్మలు గలవి. నీటిలో దొరికిన మాలిన్యం ఏ పద్ధతిలో తయారైన సరకునుండి వచ్చినదో గుర్తించడానికి పరిశోధకులకు ఈ కొమ్మలే ఆనవాలు.

మందుల తయారీ ఇంత మొరటుగా సాగదు. ఫ్లోరిన్ ముందే చేరిన చిన్న భాగాలను తెచ్చి, ఒకదానికొకటి గంధకం ద్వారా అతికి, చివరి మెట్టులో ఆ గంధకానికి ఒక్క ఆక్సిజన్‌ను మాత్రమే చేరుస్తారు. రెండవ ఆక్సిజన్ చేరితే అది మలినమవుతుంది. హైదరాబాదు పరిసరాలలోని ఔషధ పరిశ్రమకు ఇటువంటి మెట్లు నిత్యకృత్యం.

3. గుణాలు, ఉపయోగాలు

సబ్బు అణువుకు తల నీటివైపు, తోక నూనెవైపు మొగ్గుతాయి. పీఎఫ్ఓఎస్ వంటి అణువు తల కూడా నీటినే కోరుతుంది. కాని తోక నీటినీ ఒల్లదు, నూనెనూ ఒల్లదు. ఈ విడ్డూరమైన గుణమే దాని ఉపయోగాలన్నింటికీ కారణం.

వస్త్రానికి, తివాచీకి, కాగితానికి ఇటువంటి పదార్థం పూస్తే నీటి మరకా అంటదు, నూనె మరకా అంటదు. 1953లో 3ఎం ప్రయోగశాలలో ఒక ద్రావణం పొరపాటున గుడ్డ బూటుపై చిందింది. ఆ చుక్క పడినచోట ఎంత కడిగినా నీరు నిలవకపోవడాన్ని ప్యాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు గమనించారు. స్కాచ్‌గార్డ్ అనే ప్రసిద్ధ మరకల నిరోధకానికి అది నాంది.

మంటల విషయంలో ఉపయోగం ఇంకా గొప్పది. పెట్రోలుపై నీరు పోస్తే నీరు అడుగుకు పోతుంది, మంట పైన అలాగే ఉంటుంది. నీటి తలతన్యత 25 డిగ్రీల వద్ద మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఫ్లోరిన్ తోక గల పదార్థం కొద్దిగా కలిపితే అది 20కి లోపుగా దిగుతుంది. అప్పుడు ఆ నీరు పెట్రోలుపై పలుచని పొరగా పరచుకొని ఆవిరి పైకి లేవకుండా, గాలి తగలకుండా కప్పివేస్తుంది. అమెరికా నౌకాదళ పరిశోధనశాల 1960 దశకంలో ఈ నురుగును రూపొందించింది. విమానాశ్రయాలలో, చమురు నిల్వకేంద్రాలలో ఎన్నో ప్రాణాలను ఇది కాపాడిందన్నది మరువరాని సత్యం.

క్రోమియం పూతపని తొట్లలో విషపూరితమైన తుంపర లేవకుండా ఉండడానికి సైతం ఈ పదార్థాలను వాడారు. పీణ్య, అంబత్తూరు వంటి పారిశ్రామిక వాడలలో పూతపని చేసే తెలుగు కార్మికులకు ఆ తొట్ల ఘాటు పరిచితమే. తుంపరను అణచే ద్రవం డబ్బాపై ఏ రసాయనం పేరున్నదో చూడడం వారికి అవసరం.

పొట్టిగొలుసు బంధువులలో ట్రిఫ్లిక్ ఆమ్లం ప్రసిద్ధం. 1954లో దీనిని మొదటిసారి వర్ణించారు. ఇది గంధకామ్లంకంటె అనేక రెట్లు బలమైనది. తేమగాలిలో పొగలు కక్కుతుంది, నీరు తగిలితే తీవ్రమైన వేడి పుట్టిస్తుంది. దీని వంశానికే చెందిన లిథియం లవణాలు కొన్ని బ్యాటరీలలో ఉన్నవి. ఇంధన ఘటాలలో వాడే నాఫియాన్ పొర కూడా ఫ్లోరిన్, గంధకం కలసిన పాలిమరే. కావున ఈ కుటుంబాన్ని మొత్తంగా నిషేధించుట సాధ్యమూ కాదు, వివేకమూ కాదు. ఏది ఎక్కడ అవసరం, ఏది ఎక్కడికి చేరకూడదు అన్నదే ప్రశ్న.

4. ప్రమాదాలు

డీడీటీ వంటి విషాలు కొవ్వులో నిల్వ ఉంటాయి. పీఎఫ్ఓఎస్ కొవ్వులో కాక రక్తంలోని ప్రోటీన్లకు, కాలేయానికి అంటిపెట్టుకొని ఉంటుంది. మూత్రపిండాలు వడపోసినదానిలో అధికభాగం తిరిగి రక్తంలోకే చేరుతుంది. 2001లో జాన్ గీసీ, కురుంతాచలం కన్నన్ ప్రచురించిన పరిశోధన ఈ పదార్థం కర్మాగారాలకు ఎంతో దూరాన గల వన్యప్రాణులలో సైతం ఉన్నదని చూపింది. అంతకు ముందు సంవత్సరమే, 2000 మే నెలలో, 3ఎం సంస్థ దీని ఉత్పత్తిని మానుకొంటున్నట్లు ప్రకటించింది. 2009లో స్టాక్‌హోం ఒప్పందం పీఎఫ్ఓఎస్‌ను నియంత్రిత రసాయనాల పట్టికలో చేర్చింది. దీని బంధువైన పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ 2022లో నిర్మూలించవలసిన వాటి పట్టికకు ఎక్కింది.

ఒక పురపాలక నీటి సంస్థకు ఇది ఎంతటి ఆపద తేగలదో స్వీడన్ దేశపు రన్నెబి పట్టణం చూపింది. ఆ పట్టణపు రెండు నీటి కేంద్రాలలో ఒకటి సైనిక వైమానిక స్థావరానికి సమీపంలో ఉండేది. స్థావరంలో అగ్నిమాపక అభ్యాసాలకు 1980 దశకంనుండి వాడిన నురుగు నేలలోకి ఇంకి, భూగర్భజలంతో కలసి, బావులకు చేరింది. నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో మార్పు లేదు. 2013 డిసెంబరులో పరీక్షించగా లీటరుకు 8,000 నానోగ్రాముల మేర పీఎఫ్ఓఎస్ ఉన్నట్లు తేలింది. కేంద్రాన్ని వెంటనే మూసివేశారు. మంచినీరు అందిన తరువాత కూడా నివాసుల రక్తంలో పీఎఫ్ఓఎస్ సగమవడానికి సగటున 3.4 ఏళ్లు పట్టినట్లు అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. 2023 డిసెంబరులో స్వీడన్ సర్వోన్నత న్యాయస్థానం, రోగం బయటపడకపోయినా రక్తంలో ఈ పదార్థం అంతగా పెరగడమే శారీరక హానియని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ప్రతివాది నురుగు తయారీదారు కాదు, నీరు సరఫరా చేసిన పురపాలక సంస్థ.

ఆరోగ్యంపై ప్రభావాలలో కొలెస్టరాల్ పెరుగుట, శిశువుల జనన బరువు తగ్గుట, టీకాలకు శరీరం ఇచ్చే స్పందన తగ్గుట ముఖ్యంగా గమనించినవి. ఫేరో దీవుల పిల్లలపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. రక్తంలో ఈ పదార్థాలు ఎక్కువగా ఉన్న పిల్లలలో ధనుర్వాతం, కంఠసర్పి టీకాల రక్షణ తక్కువగా ఉన్నదని అది చూపింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో పీఎఫ్ఓఎస్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం గల వర్గంలో ఉంచింది. ఇవి ఏళ్ల తరబడి శరీరంలో చేరికవలన కలిగే నెమ్మదైన హానులు. ఒక్కరోజు త్రాగిన నీటివలన కలిగేవి కావు.

ఇచట ఒక అపోహను తొలగించుట అవసరం. నల్లగొండ జిల్లా పేరు వినగానే తెలుగువారికి ఫ్లోరోసిస్ స్ఫురిస్తుంది. వంకరపోయిన ఎముకలు, గోధుమరంగు పండ్లు ఫ్లోరైడు అయాను వలన కలిగినవి. అది శిలలనుండి నీటిలోకి సహజంగా దిగే ఖనిజం. భారతీయ త్రాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు అంగీకారయోగ్యం. ఇచట చెప్పుకొన్నది మానవుడు తయారుచేసిన అణువు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే నల్లగొండ పద్ధతి పీఎఫ్ఓఎస్‌పై పనిచేయదు. ఫ్లోరైడు పరీక్షలో నీరు ఉత్తీర్ణమైనంత మాత్రాన ఈ పదార్థం లేదని అర్థం కాదు.

5. కాలువలో పోసినది ఎచటికి పోతుంది

మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేసేవి బాక్టీరియాలు. మలినాన్ని తిని విడగొట్టడం వాటి పని. కార్బన్–ఫ్లోరిన్ కవచం వాటికి లొంగదు. పైగా కొన్ని ఫ్లోరిన్ పదార్థాలు ఆ కేంద్రంలోనే పాక్షికంగా విడిపోయి పీఎఫ్ఓఎస్‌గా మారుతాయి. అనగా శుద్ధి అయిన నీటిలో అది లోపలికి వచ్చినదానికంటె ఎక్కువగా ఉండవచ్చును.

బెంగళూరులో శుద్ధి అయిన మురుగునీరు నగరంతోనే ఆగిపోదు. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం ద్వారా 2018నుండి ఆ నీటిని కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. భూగర్భజలాన్ని పెంచుట దాని లక్ష్యం. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నీరు దక్షిణ పినాకినిలో కలసి హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. కోలారు, ముళబాగిలు, హోసూరు ప్రాంతాలు తెలుగు మాట వినిపించే నేల; నగరానికి వలస వచ్చిన కుటుంబాలలో ఎన్నింటికో అవి స్వస్థలాలు. నగరంలోని ఒక జనరేటర్ గది ముందరి కాలువకు, తాతగారి ఊరి చెరువుకు మధ్య దారి ఉన్నది. బెళ్లందూరులో లేచే తెల్లని నురుగు ప్రధానంగా సబ్బు, డిటర్జెంట్లదని గుర్తుంచుకోవలెను. ఫ్లోరిన్ మాలిన్యానికి నురుగు కనబడవలసిన పని లేదు.

ఒక చిన్న లెక్క. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో త్రాగునీటిలో పీఎఫ్ఓఎస్‌కు నిర్ణయించిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము. పాత నురుగు సిలిండరులో 1 గ్రాము పీఎఫ్ఓఎస్ మాత్రమే ఉన్నదనుకొన్నా, దానిని ఆ పరిమితికి పలుచన చేయడానికి 25 కోట్ల లీటర్ల శుభ్రమైన నీరు కావాలి.

6. పౌరులు పాటించవలసినవి

(1) నిజంగా మంట లేచినప్పుడు సంకోచం పనికిరాదు. చేతికందిన నురుగునే వాడవలెను. ప్రాణరక్షణ ముందు. అభ్యాసం కోసం మాత్రం ఫ్లోరిన్ నురుగును వదలరాదు. నీటితోనే అభ్యాసం చేయవచ్చును.

(2) సిలిండరు తిరిగి నింపే సమయంలో పాత ద్రవాన్ని నేలపై వదలి కాలువలోకి కడిగివేయనీయరాదు. దానిని డబ్బాలలో పట్టి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గల ప్రమాదకర వ్యర్థాల సంస్థకు అప్పగించవలెనని నివాసుల సంఘం ఒప్పందంలోనే వ్రాయించుకోవలెను.

(3) కొత్తది కొనేటప్పుడు ఫ్లోరిన్ రహిత నురుగు గురించి అడగవలెను. లండన్ హీత్రూ, కోపెన్‌హేగన్ వంటి పెద్ద విమానాశ్రయాలే దానికి మారినవి.

(4) నీటిని కాచినందువలన పీఎఫ్ఓఎస్ పోదు. నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. క్లోరిన్, అతినీలలోహిత దీపం కూడా దానిని తొలగించవు. రివర్స్ ఆస్మోసిస్ పొర అధికభాగాన్ని ఆపుతుంది. ఉత్తేజిత బొగ్గు కొంతకాలం పీల్చుకొంటుంది, కాని సకాలంలో మార్చకపోతే వదలివేస్తుంది. శుద్ధియంత్రం వదలే నీటిలో మాలిన్యం చిక్కగా ఉంటుంది కనుక దానిని కూరమొక్కలకు పోయక మరుగుదొడ్లకు వాడుట మేలు. కాచడం మానవలసిన పని లేదు. అది క్రిములకు మందు, దీనికి కాదు.

(5) మరకల నిరోధక పూత గల గుడ్డలను, నూనె అంటని కాగితపు పొట్లాలను చెత్తతో కలిపి తగులబెట్టరాదు. వీథిమంటలో ఈ అణువులు పూర్తిగా నశించవు. హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులు మాత్రం వెలువడతాయి. వీటి నాశనానికి 1,000 డిగ్రీలకు పైబడిన ప్రత్యేక కొలిమి కావాలి.

(6) వైద్యుడు వ్రాసిన పాంటాప్రజోల్ వంటి మందులను ‘ఫ్లోరిన్’ అనే పేరుకు భయపడి మానరాదు.

(7) ఫిప్రోనిల్ జెల్‌ను పిల్లలకు అందనిచోట మాత్రమే పెట్టవలెను. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ మందును కుందేళ్లకు వాడరాదు. పిచికారీ డబ్బాలను చెరువులో, కాలువలో కడగరాదు; తేనెటీగలకు, చేపలకు, రొయ్యలకు అది తీవ్ర విషం. ఊరిలో మందు కొట్టే పెద్దలకు ఈ మాట చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న పిల్లలదే.

పునశ్చరణ

1. పాంటాప్రజోల్, పీఎఫ్ఓఎస్ రెండింటిలోనూ ఫ్లోరిన్, గంధకం ఉన్నవి. ఒకటి గంటలలో, మరొకటి ఏళ్లలో శరీరాన్ని వదలడానికి కారణమేమి?

2. పెట్రోలు మంటపై నీరు పనిచేయక, నురుగు పనిచేయడానికి గల కారణాన్ని తలతన్యత ఆధారంగా వివరించుము.

3. నల్లగొండ ఫ్లోరైడు సమస్యకూ, రన్నెబి నీటి సమస్యకూ గల భేదాలు రెండు వ్రాయుము.

4. నివాస సముదాయంలోని నురుగు సిలిండరుపై ఉన్న అక్షరాలను, నింపిన తేదీని చూసి వ్రాసుకొనుము. కిందటిసారి తీసిన పాత ద్రవం ఎచటికి పోయినదో నిర్వాహకుని అడిగి తెలుసుకొనుము.

నాలుగవ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. ఆ జవాబు సరియైనది కాకపోతే, వచ్చే సంఘ సమావేశంలో దానిని సరిదిద్దుకొనవచ్చును. ఒకసారి భూగర్భజలంలో కలసిన పదార్థాన్ని మాత్రం వెనుకకు పిలుచుకొనుట ఎవరి తరమూ కాదు.